తవుడు పెట్టి కొన్న పిల్ల

పిల్లల పెంపకం గురించి ఎవరైనా సలహా చెప్పబోతే నాకు ఒళ్లు మండుతుంది. ఎదురింటివాళ్లు చెప్పేవీ అంతే, ఫోన్‌లో వచ్చేవీ అంతే. మన పూర్వీకులు ఎంత తెలివైనవాళ్లో చూడండంటూ పొద్దున్నే గులాబీ పువ్వు బొమ్మతో పాటు పంపిస్తారే, అవి మరీను. ఆ పూర్వీకులు ఎంతమంది పసివాళ్లని మట్టిలో పెట్టి ఇంటికొచ్చారో ఆ బొమ్మల మీద రాసి ఉండదు. అయినా నా కూతురి విషయంలో నేను చేసింది పూర్వీకుల పనే. మల్కాపురంలో, రిఫైనరీ గొట్టాలు కనపడే మేడమీది వాటాలో ఉంటూ, డిగ్రీలో స్టాటిస్టిక్స్ చదువుకుని కూడా, కన్నపిల్లని తవుడుకి అమ్మేశాను. ఎందుకు అమ్మానో, ఆ తరవాత ఏమైందో చెప్తాను. ఇది సలహా మాత్రం కాదు.

కూతురికి ముందు నాకొక కొడుకు. మూడో నెలలో పోయాడు. జ్వరం లేదు, జబ్బు లేదు. మధ్యాహ్నం పాలు తాగి పడుకున్నాడు, మరి లేవలేదు. ఒక్కోసారి ఇలా జరుగుతుందమ్మా, కారణమంటూ ఉండదు అన్నారు డాక్టరు. కారణం ఉండదన్న మాట ఎంత పనికిమాలిన మాటో పిల్లని పోగొట్టుకున్నవాళ్లనడగండి. అప్పుడు మేం మద్దిలపాలెంలో, బస్సు డిపో వెనక వీధిలో ఉండేవాళ్లం. హారన్ల మధ్యే హాయిగా పడుకునేవాడు వాడు. ఆ రోజు ఎంతసేపటికీ లేవకపోతే, పోనీలే కాస్త విశ్రాంతి దొరికిందని నేనూ పక్కన నడుం వాల్చాను.

అంత చిన్నపిల్లలకి కర్మలూ తద్దినాలూ ఉండవు. పదిమందీ వచ్చి కూర్చుని, పోయినవాళ్ల మంచీ చెడ్డా చెప్పుకునేదీ ఉండదు. మా అమ్మ వాడి బట్టలు మూటకట్టి ఎవరికో ఇచ్చేసింది. మా అత్తగారు గోడ మీది ఫోటో తీయించేశారు. నేను వాడి మాట ఎత్తితే చాలు, "అవన్నీ ఇప్పుడెందుకే, మళ్లీ కడుపు పండుతుందిలే" అనేది అమ్మ. నా మంచికే అనేది. కానీ వాడు పోయినట్టు కూడా కాదు, అసలు పుట్టనే లేదన్నట్టు అయిపోయింది అందరికీ. దాంతో వాడు ఉండడానికి నేనొక్కదాన్నే మిగిలాను. ఉన్నాడు. మేం మల్కాపురం మారితే అక్కడికీ వచ్చాడు. మధ్యాహ్నం ఇల్లు సద్దుమణిగేసరికి, పాలకి ఏడవబోయే ముందు చేసే చిన్న మూలుగు పక్కగదిలో వినిపించేది. వెళ్తే ఎవరూ ఉండరు. వెళ్లకపోతే ఆగేది కాదు. దెయ్యమని నేననను. నా కొడుకుని దెయ్యమని ఇంకెవరన్నా అన్నా ఊరుకోను.

కూతురు పుట్టాక నేను నిద్రపోవడం మానేశాను. మా ఆయనకి పోర్టులో షిఫ్టు డ్యూటీ, పగలు చాలావరకు నేనూ పిల్లా మాత్రమే. పిల్ల పాదానికి తొడిగే మేజోడు లాంటి యంత్రం ఒకటి తెప్పించాను. గుండె ఎలా కొట్టుకుంటోందో ఫోన్‌లో చూపిస్తుంది. మంచం మీదికి కెమెరా బిగించాను. అంకెలన్నీ బాగానే ఉండేవి, నాకే నమ్మకం ఉండేది కాదు. ముక్కు దగ్గర చిన్న అద్దం పెట్టి, ఆవిరి పడుతోందా లేదా అని చూసేదాన్ని. ఆవిరి కనపడినా తృప్తి లేక అరికాలు మీద గోటితో గీకేదాన్ని. పిల్ల ఉలిక్కిపడి లేచి గుక్కపట్టి ఏడిస్తే, అమ్మయ్య, ఉంది అనుకునేదాన్ని. ఇంక దానికి నిద్రెక్కడిది? బరువు పెరగడం ఆగిపోయింది. పిల్లల డాక్టరు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "పిల్లకేం లేదమ్మా, ముందు మీరు పడుకోండి" అన్నారు. నేను పడుకున్నప్పుడే కదా వాడు పోయింది! ఆ మాట ఆయనకి చెప్పలేదు.

కింది వాటాలో ఇల్లుగలావిడ ఉంటుంది. శ్రీకాకుళం వైపు పల్లెలో వ్యవసాయదారుల ఇంట పుట్టి, పెళ్లయ్యాక ఈ ఊరొచ్చింది. మొగుడు రిఫైనరీలో చేసి రిటైరయ్యాడు. కొడుకూ కోడలూ ఆ ఇంట్లోనే. మేం దిగిన కొత్తల్లో నేను ఆంటీ అని పిలిస్తే, "ఆంటీ ఏటే, ఆంటీ? టీవీలో యాంకర్ననుకున్నావేటి నన్ను? పిన్నీ అని పిలు" అంది. నోరెక్కువ మనిషి. అన్నీ తనకే తెలుసంటుంది. ఓసారి పిల్ల ముక్కులో ఆముదం చుక్క వేస్తానని గిన్నె పట్టుకొస్తే, లాక్కుని సింకులో పారబోశాను. "ఊపిరితిత్తుల్లోకి పోతే మీరు తెస్తారా?" అని అరిచాను. ఆ విషయంలో నాదే రైటు, ఇప్పటికీ అంటాను. ఆవిడ కొన్నాళ్లు నాతో మాట్లాడలేదు. తరవాత తనే పెద్ద గిన్నెడు వేణ్ణీళ్లు కాచుకుని పైకొచ్చి, బాత్‌రూంలో పీట వేసుకుని కాళ్లు చాపి కూర్చుని, "ఆముదం లేదులే తల్లీ, పిల్లనిలగియ్యి" అంది. ఆ కాళ్ల మీద బోర్లా పడుకుని, వీపు మీద నీళ్లు పడుతుంటే నా కూతురు పెట్టిన మొహం నేనెప్పుడూ చూడలేదు. అప్పటినుంచి స్నానం ఆవిడ పనే అయింది.

కింది వాటాలో పిల్ల ఉన్నంతసేపూ ఎవరో ఒకరి ఒళ్లోనే ఉండేది. పిన్ని బియ్యం ఏరుకుంటే కోడలి చంకలో, కోడలు వంటకి లేస్తే పెద్దాయన భుజం మీద, ఆయన పేపరు తీస్తే పక్కింటావిడ చేతుల్లో. పైవాటాలో మాత్రం అంత పెద్ద మంచం మీద ఒక్కతే, కెమెరా కింద. కింద నిద్రపోయేది, పైకి తెస్తే లేచేది. కాదు, నేను లేపేదాన్ని.

ఒక మధ్యాహ్నం పిన్ని మునక్కాడలు ఇవ్వడానికి మేడెక్కి వచ్చి, నేను పిల్ల అరికాలు గీకుతుండగా చూసింది.

"ఓలమ్మో! పడుకున్న గుంటని లేపుతన్నావేటే? బుర్ర గాని పాడైందేటి నీకు?"

ఏడ్చాను. ఏడుస్తూనే వాడి సంగతంతా చెప్పేశాను, మొదటినుంచీ. అవన్నీ ఇప్పుడెందుకు అనలేదు ఆవిడ. మునక్కాడలు పక్కన పెట్టి నేల మీద చతికిలబడింది.

"ఎలగుండీవోడే?" అని అడిగింది.

వాడు ఎలా ఉండేవాడని అంతవరకు నన్నెవరూ అడగలేదు. చామనచాయ, వాళ్ల నాన్న పోలిక, కుడిచెవి పైన కొంచెం మడత ఉండేది, తుమ్మితే తనే భయపడేవాడు అని చెప్పాను. తుమ్ము సంగతికి ఆవిడ నవ్వింది. నేనూ నవ్వాను. వాణ్ణి తలుచుకుని నవ్వడం నాకు అదే మొదలు.

పిల్లని ఒళ్లోకి తీసుకుని, "అయితే ఈ గుంట నీది కాకుండా పోవాల. నాకమ్మీయ్" అంది.

నాకర్థం కాలేదు. వాళ్ల ఊళ్లో పిల్లలు నిలవని ఇంట్లో మళ్లీ పిల్ల పుడితే చేసే పనట. పక్కింటి ఆడమనిషి చేటలో తవుడు తెచ్చి పిల్లని కొనుక్కుంటుంది. "ఈ పిల్ల ఆ తల్లిది కాదు, ఇంకోలుది అని తెలిసినాక, పాడుకళ్లు దీని జోలికెందుకొత్తాయి? మా తమ్ముణ్ణి అలగే అమ్మీసినాది మాయమ్మ. ఆడిప్పుడు మనవల్ని ఎత్తుకు తిరుగుతన్నాడు. తవుడు పేరెట్టుకున్నోళ్లు మా ఊర్లో ఈదికొకలు." అని, వేలు చూపించి మరీ చెప్పింది: "ఊరికే అమ్మీసి కూకోడం కాదు. పుట్టుజుట్టు తీసీలోగా మళ్లీ కొనుక్కోవాల. అందాకా నా పిల్ల. పెంచడానికి నీకిచ్చినాను. ఎవులి పిల్లనో సూసినట్టు సూడు."

మా అమ్మకి ఫోన్ చేస్తే, "మన గోదారి వైపు ఇలాంటివి ఎక్కడున్నాయే? చదువుకున్నదానివి, ఆ మోటు పనులు మనకెందుకు?" అంది. మా ఆయన నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. చొక్కా గుండీలు విప్పుకుంటూ, "ఎప్పుడు అమ్ముదాం?" అన్నాడు. అతను కూడా అంతే భయంతో బతుకుతున్నాడని నాకు ఆ రోజు తెలిసింది.

పిన్ని పాలాయన దగ్గర తవుడు తెచ్చింది. చేటలో పరిచి, దాని మీద పాత చీరముక్క వేసి, పిల్లని పడుకోబెట్టింది. మెట్ల కింద నిలబడ్డాం. "ఎవులి పిల్లే ఇది?" అని అడిగింది. చెప్పాల్సిన జవాబు ముందే నేర్పింది గానీ నేను పిల్ల కింద చీరముక్క సర్దుతూ ఉండిపోయాను. గట్టిగా మళ్లీ అడిగింది. "మీ పిల్లే" అన్నాను. పిల్లని తను ఎత్తుకుని, తవుడు నా కొంగులో పోసి, వెనక్కి చూడకుండా మేడెక్కమంది. ఎక్కాను. వంటింట్లో నిలబడి, కొంగులో తవుడు పట్టుకుని, పిచ్చిదానిలా ఏడ్చాను.

ఆ మధ్యాహ్నం నిద్రపోయాను. పెంచమని పిల్లని మళ్లీ పైకిచ్చాక, దాని పక్కనే పడుకుని, పొద్దువాలేదాకా ఒళ్లు తెలియకుండా నిద్రపోయాను. చదువుకున్నవాళ్లు నన్ను అడుగుతారు, నిజంగా నమ్మావా అని. నమ్మలేదు. తవుడుకీ ఊపిరికీ సంబంధం లేదని నాకు తెలియదా? కానీ పిల్ల నాది కాదని నోటితో అన్నాక, దాని చావు కూడా నా ఒక్కదానిది కాకుండా పోయింది. ఫోన్‌లో చదివినవన్నీ తల్లీ, తల్లీ, తల్లి ఒళ్లు, తల్లి చూపు, తల్లి తప్పు అనే చెప్పాయి. పిన్ని ఊరివాళ్లకి, ఒక మనిషి మోయలేని భయాన్ని పక్కింటి మనిషి కొనుక్కోవచ్చునని ఎలా తెలిసిందో మరి! మేజోడు యంత్రం డబ్బాలో పెట్టేశాను. పక్కగదిలో మూలుగు ఆగలేదు గానీ పరిగెత్తి వెళ్లడం మానేశాను. పిల్ల బుగ్గలు పూడాయి, పాకింది, నిలబడింది.

ఏడాది నిండేముందు పిన్ని గుర్తుచేసింది. "సింహాచలం ఎల్లి జుట్టిచ్చీయాల. ఈలోగా తవుడు తెచ్చుకుని నీ పిల్లని నువ్వు తీస్కో." వచ్చే నెల చూద్దామన్నాను. వచ్చే నెల మూఢం అన్నాను. ఆ తరవాత శూన్యమాసం అన్నాను. జన్మలో పంచాంగం తెరవనిదాన్ని, రోజూ అదే తిరగేసేదాన్ని, కుదరని రోజులు వెతుక్కోవడానికి. నన్ను అడిగితే అమ్మకం బాగానే నడుస్తోంది. పిల్ల బాగుంది. తిరిగి కొని నాదని ఒప్పుకుంటే ఏమవుతుందో ఎవరు చూడొచ్చారు? నాదైనవాడికి ఏమైందో చూశాను కదా.

దానికి మాటలొచ్చాయి. పిన్నిని "అమ్మా" అంది. పిన్ని "ఛీ, నాను కాదే" అని నా వైపు చూపించేది, అది వినేది కాదు. నన్ను మాత్రం "ఒలే" అనేది. పిన్ని నన్ను పిలిచే పిలుపు అదే కదా, అదే పట్టింది. మెట్ల మీదనుంచి "ఒలే, బువ్వ" అని అరిస్తే వీధంతా నవ్వేది. నేనూ నవ్వేదాన్ని. లోపల ఎక్కడో గీసుకున్నట్టుండేది, అయినా ఆ పిలుపు నాకు క్షేమంగానే తోచేది.

ఏడాదిన్నర టీకా వేయించడానికి పిల్లని తీసుకుని పిన్నీ నేనూ వెళ్లాం. సూది గుచ్చగానే నా ఒళ్లో ఉన్న పిల్ల "అమ్మా" అని కేక పెట్టి, నన్ను తోసేస్తూ పిన్ని మీదికి ఉరికింది. నర్సు కార్డు చేతిలో పట్టుకుని, "ఇద్దర్లో తల్లెవరమ్మా?" అని అడిగింది.

"ఆవిడ" అన్నాను, పిన్నిని చూపించి.

నర్సు పిన్ని తెల్లజుట్టు చూసింది, నన్ను చూసింది, కార్డు మీద ఏదో రాసుకుంది. ఇంటి ముందు ఆటో దిగాక, పిన్ని పిల్లని కోడలి చేతికిచ్చి లోపలికి పంపి, నన్ను మెట్ల దగ్గర నిలబెట్టింది.

"ఏటే ఆ మాట? నలుగుర్లో కన్నపిల్లని నాది కాదంటావేటి?"

"మీదేగా పిన్నీ. మీరే కదా కొన్నారు."

"నీ బయం కొన్నాను గాని నీ పిల్లని కొన్నానేటే?"

ఇంకొక్క ఏడాది ఉంచండని బతిమాలాను. మీ దగ్గరైతే దానికేమీ కాదన్నాను. చేతులు పట్టుకున్నాను. విదిలించుకుంది. ఆవిడ కళ్లలో నీళ్లు చూసి బెదిరిపోయాను.

"నాకేటవుతాదో ఎప్పుడైనా అడిగినావేటి నువ్వు? పొద్దున్న లెగిస్తే దాని మొకం సూడకపోతే కాళ్లూ సేతులూ ఆడవు నాకు. ఇంకో ఏడాదుంటే నానియ్యలేనే. అప్పుడు నిజంగానే అమ్ముకున్నదానివవుతావు." కొంగుతో మొహం తుడుచుకుని, గొంతు తగ్గించి అంది: "సచ్చిపోయినోడు నిన్నొగ్గలేదు. బతికున్నదాన్ని నువ్వొగ్గీత్తన్నావు. రేపు పొద్దున్న తవుడు తెచ్చుకో."

తవుడు తెచ్చుకున్నాను. అప్పుడు తీసుకున్నదానికంటే ఎక్కువే చేటలో పోశాను, అలాగే పోయాలంది. మా ఆయన సెలవు పెడతానంటే వద్దన్నాను, ఇది నాకూ ఆవిడకీ మధ్య వ్యవహారమని. మెట్ల కింద పిన్ని పిల్లని ఎత్తుకుని నిలబడింది. తల దువ్వి, కాటుక పెట్టి, కొత్త గౌను తొడిగింది. ఈసారి కొనేది నేనైనా, అడగాల్సింది మళ్లీ ఆవిడే. "ఎవులి పిల్లే ఇది?" అంది. అంటూనే పిల్ల గౌను మళ్లీ సవరించింది.

"నా పిల్ల" అన్నాను.

పిల్లని నా చేతుల్లో పెట్టి, ఈ ఒక్కరోజు నా కంట పడనియ్యకు, పైనే ఉంచు అని లోపలికెళ్లి తలుపేసుకుంది. లోపల టీవీ పెట్టింది, వీధి చివరికి వినిపించేంత గట్టిగా.

పిల్ల నా చేతుల్లో ఉండదే! పైకి తీసుకెళ్తే గింజుకుని దిగి, మెట్ల పైకొసన ఉన్న గ్రిల్ తలుపు పట్టుకుని కిందికి చూస్తూ నిలబడింది. "అమ్మా" అని పిలిచింది. కింద తలుపు తెరుచుకోలేదు. మళ్లీ పిలిచింది. టీవీ చప్పుడు ఇంకా పెరిగింది. ఆ చప్పుడు వెనక ఆవిడ ఏం చేస్తోందో నాకు తెలుసు. పొద్దెక్కి మధ్యాహ్నమైంది, ఎండకి వీధిలో మనిషి లేడు. ఆ చప్పుడులో కూడా ఒక పసిపిల్ల తల్లిని పిలుస్తుంటే వినడం నావల్ల కాలేదు.

"ఊఁ" అన్నాను, వెనకనుంచి.

తిరిగి చూసింది. ఈవిడెందుకు పలికిందన్నట్టు చూసి, మళ్లీ కిందికి తిరిగి "అమ్మా" అంది. మళ్లీ నేనే పలికాను. కోపమొచ్చి కాళ్లు నేలకేసి కొట్టింది. దగ్గరికెళ్తే నా చేయి కొరికింది. "ఒలే, పో" అంది. పోలేదు. అక్కడే నేల మీద కూర్చున్నాను. అన్నం కలిపి తెస్తే తోసేసింది. ఏడ్చి, కాసేపు ఆగి, మళ్లీ గ్రిల్‌లోంచి పిలిచేది. పిలిచినప్పుడల్లా పలికాను. దాని గొంతు బొంగురుపోయింది, నా గొంతూ పోయింది.

చివరికి గ్రిల్ వదిలేసింది. చెంపల నిండా కాటుక, ముక్కు కారుతోంది. నా వైపు తిరిగి, నా మొహంలోకి చూసి, రెండు చేతులూ చాపింది.

"అమ్మా" అంది.

వాడు మాట వచ్చేదాకా ఉండలేదు. ఇద్దర్ని కన్నాను గానీ, నా మొహం చూసి ఆ మాట అన్నవాళ్లు అంతవరకు లేరు. ఎత్తుకున్నాను. ఎత్తుకోగానే, ఇన్నాళ్లూ పిన్ని దగ్గరున్న భయమంతా ఒక్కసారిగా నా మీదికి వచ్చేసింది. దాన్ని పట్టుకుని అక్కడే నేల మీద కూర్చున్నాను. ఇది నాది. దీనికి ఏమైనా కావచ్చు, ఏ మధ్యాహ్నమైనా కావచ్చు. పిల్ల నా మెడలో మొహం దాచుకుని, వెక్కుతూ, నేనున్నానో లేదో చూసుకోవడానికన్నట్టు మళ్లీ పిలిచింది.

"ఏమ్మా" అన్నాను.